తోడు బరువు

ఓడ మీద, సిబ్బంది గది నుంచి

అక్కా,

నీ అడ్రసు నాన్న ఇచ్చాడు. ఊరు మారి ఇన్ని నెలలైనా నాకు ఒక్క ముక్క చెప్పలేదని కోపం వచ్చింది. ఆ ఊరు మా ఓడ రెండు వారాలకోసారి ఆగే రేవు పక్కనే అని తెలిశాక సగం చల్లారింది. మిగతా సగం దాచుకున్నాను, ఎప్పుడైనా పనికొస్తుంది.

ఓడలో ఫోన్ సరిగ్గా పలకదు, నీ కొండ మీద అసలే పలకదట. అయినా ఫోన్‌లో మనిద్దరం ఒకరి మాట ఒకరం సగంలోనే తుంచేస్తాం. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా వినాలి. మా ప్రయాణికుల్ని కొండ మీదికి తీసుకెళ్ళే బస్సు డ్రైవరు ఇది నీకు అందిస్తానన్నాడు. ఓడ రేవులో ఉన్నంతసేపూ నా కౌంటరు తెరిచి ఉంచాలి, కాబట్టి నేను దిగి రాలేను.

నా పని టూర్ల కౌంటర్లో. ఓడ ఎక్కడ ఆగితే అక్కడ ఏమేం చూడొచ్చో, ఏమేం చెయ్యొచ్చో చెప్పి టికెట్లు రాసివ్వడం. వినడానికి సుఖంగానే ఉంటుంది. గుర్రమెక్కాలంటే ఇంత బరువు దాటకూడదు, పారాచూట్ కట్టుకుని పడవ వెనక ఎగరాలంటే ఇంత దాటకూడదు. మీ కొండ మీది జిప్‌లైన్ ఒంటరిగా ఎక్కాలంటే నలభై కిలోలకు తగ్గకూడదు, నూట పదిహేను దాటకూడదు. ఇదంతా మనిషి మొహం మీద అడగాలి. వయసు అడిగితే నవ్వుతారు, జబ్బులు అడిగితే ఉత్సాహంగా చెబుతారు. బరువు అడిగితే మాత్రం నేనేదో వాళ్ళ పెట్టె మూత ఎత్తి చూసినట్టు చూస్తారు.

కౌంటరు కింద కాటా ఉంది. అనుమానమొస్తే ఎక్కించి చూడమని మా ఆఫీసరు చెప్పాడు. వెనక అంతమంది వరసలో నిలబడి ఉండగా ఒక పెద్దాయన్ని, చెప్పులు విప్పి దీని మీద నిలబడండి అని ఎలా అంటాం? నాకు మొహమాటం. వాళ్ళు చెప్పిందే రాసిస్తాను.

ఇక అసలు సంగతి. డాక్టరు నీ మోకాళ్ళు చూసి పదిహేను కిలోలు తగ్గమన్నాడట. తగ్గుతున్నావా? ఏదో టూరిస్టుల కంపెనీలో పని అని నాన్న అన్నాడు. కూర్చుని చేసే పనైతే ఆ కాస్త నడక కూడా ఉండదు. నీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరడానికి ఇప్పుడు వీలు లేదు కాబట్టి కాగితం మీద పోరుతున్నాను.

నీ చెల్లి


కొండ మీద, జిప్‌లైన్ స్టేషన్ నుంచి

పుల్లా,

డ్రైవరన్న నీ కవరు ఇస్తూ, కౌంటరు అమ్మాయి మీ సొంత చెల్లెలేనా అని రెండుసార్లు అడిగాడు. మనిద్దర్నీ చూసి ఆ మాట అడగని మనిషి ఇంకా పుట్టలేదు. అవునన్నాను.

కూర్చుని చేసే పని కాదే, వేలాడి చేసే పని. చెబితే నవ్వుతావని ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, నవ్వుకో.

నువ్వు టికెట్లు అమ్ముతావే గానీ ఈ జిప్‌లైన్ ఎప్పుడూ చూసి ఉండవు. రెండు కొండల మధ్య ఉక్కు తాడు. ఇవతలి కొండ ఎత్తు, అవతలిది పల్లం. బెల్టులు బిగించి కప్పీకి తగిలిస్తే మన బరువే మనల్ని అవతలికి తీసుకెళుతుంది. బరువు ఎక్కువైతే అవతల గట్టిగా గుద్దుకుంటారు. తక్కువైతే ఇంకో తంటా. సగం దూరం పోయాక గాలి ఎదురొస్తే అక్కడే ఆగిపోతారు, కింద లోయ, లోయలో ఏరు. అందుకని నలభై లోపు వాళ్ళను ఒంటరిగా పంపరు. బ్రేకు పట్టడం నేర్పిన ఒక బరువైన మనిషిని వాళ్ళకు జత కట్టి, వేరే పెద్ద కప్పీ మీద పంపుతారు. ఆ మనిషిని ఇక్కడ 'తోడు' అంటారు. ఈ కొండ మీద తోడు నేనే.

పని అడగడానికి వెళ్ళినప్పుడు సూపర్‌వైజరు నా చదువు అడగలేదు, అనుభవం అడగలేదు. కాటా ఎక్కమన్నాడు. తొంభై ఏడు. "చాలా బాగుంది" అన్నాడు. ఈ వయసు దాకా నా బరువు చూసి ఆ మాట అన్న మొదటి మనిషి ఆయన. పార్కులో తూగుడు బల్ల మీద నాకెదురుగా ఇద్దర్ని కూర్చోబెట్టేవాళ్ళు, ఆ ఇద్దర్లో ఒకదానివి నువ్వే. బట్టల కొట్లో పనిచేసినప్పుడు గిరాకీ వచ్చే వేళకు నన్ను గోడౌన్‌లోకి పంపేసేవాడు ఓనరు. ఇక్కడ నేను రాకపోతే పిల్లలు అవతలికి వెళ్ళలేరు. ఈ పని నాకు ఇష్టమే, చాలా ఇష్టం.

తొంభైకి తగ్గితే తోడుకు పనికిరాను. వంద దాటితే కప్పీకి పనికిరాను. ఆ డాక్టరు గారికి ఈ లెక్క వినిపించు. మోకాళ్ళ గురించి బెంగ పెట్టుకోకు, గాల్లో వాటితో పనేముంది.

మిగతా టైములో కాటా దగ్గర నా డ్యూటీ. నీ చేతిరాత టికెట్లు చూస్తూనే ఉన్నాను, ఆ సున్నాలకు తోకలు నువ్వు తప్ప ఎవరూ పెట్టరు. టికెట్ మీద తొంభై ఎనిమిది అని ఉంటుంది, కాటా నూట ఇరవై రెండు అంటుంది. వెనక్కి పంపాల్సింది నేను. నువ్వు అక్కడ కొత్తవాళ్ళ ముందు అడగలేని మాట నేను ఇక్కడ వాళ్ళ పెళ్ళాం పిల్లల ముందు చెప్పాల్సి వస్తోంది. మర్యాద నీకు, తిట్లు నాకు. ఆ కాటా కౌంటరు పైకి తియ్యి.

అక్క


ఓడ మీద

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

మా గదిలో నాతో ఉండే లాండ్రీ అమ్మాయికి మా అక్క కొండ మీద ఆఫీసు చూసుకుంటుందని చెప్పి ఉన్నాను. నాన్న చెప్పిన దానికి నేను కొంచెం కలిపాననుకో. ఇప్పుడు ఏం చెప్పాలో తెలియడం లేదు. నిన్ను తాడుకు వేలాడదీస్తున్నారని నాన్నకు తెలుసా? గాలి ఎదురొస్తే నీ పక్కవాళ్ళు ఆగకుండా నిన్ను పెట్టుకున్నారు, బాగానే ఉంది. తోడు అని ఇంపుగా పేరు పెట్టారు గానీ, ఇసుక మూట చేసే పనే కదా అది. ఈ మాట రాసి కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు.

ఇక టికెట్ల సంగతి. నా స్థానంలో నువ్వుంటే తెలిసేది. పోయిన వారం ఒకావిడ ధైర్యం చేసి నిజం చెప్పింది, మెల్లగా, నా చెవికి మాత్రమే వినపడేట్టు. పరిమితి దాటింది, టికెట్ రాదన్నాను. ఆవిడ నవ్వి, పర్లేదు అనేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఓడ దిగే వరకూ నా కౌంటరు వైపు రాలేదు, భోజనాల హాలుకు కూడా చుట్టుతిరిగి వెళ్ళేది. నిజం చెప్పినవాళ్ళకు దక్కేది ఇది.

నాది అమ్మ పోలిక. అమ్మ కుట్టుమిషను దగ్గరికి ఎంత లావు మనిషి వచ్చినా, నడుము కొలిచి, మీరు సన్నబడ్డారే అనేది. టేపు మీద అంకె ఎప్పుడైనా పైకి చదివిందా? నేనూ అంతే. మనుషుల్ని నొప్పించి బతకడం నాకు చేతకాదు.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

చెల్లి


కొండ మీద

పుల్లా,

ఇసుక మూట అన్నావు. బాధేసింది. నువ్వు కాబట్టి ఎక్కువ వేసింది.

ఇసుక మూట ఏడ్చేవాళ్ళకు సమాధానం చెప్పదు. మొన్న ఒక పిల్ల నా బొటనవేలు పట్టుకుని, అవతల మా అమ్మ నిజంగా ఉందా అని దారి పొడుగునా అడిగింది. ఉంది, ఎర్ర చొక్కా వేసుకుంది, నీకోసం చూస్తోంది అని చెబుతూ తీసుకెళ్ళాను. మూటను పెట్టుకుంటే తిండి ఖర్చు కూడా మిగిలేది వీళ్ళకు. పెట్టుకోలేదు.

పోయిన ట్రిప్పులో వచ్చిన ఒకాయన సంగతి చెబుతాను. టికెట్ మీద నూట పది, నీ రాతే. కాటా మీద నూట ముప్పై ఒకటి. భార్య, ఇద్దరు ఆడపిల్లలు అప్పటికే బెల్టులు బిగించుకుని నిలబడ్డారు. ఆయన కాటా దిగి, నాకు ఎత్తు చూస్తే కళ్ళు తిరుగుతాయి, మీరు వెళ్ళండి అన్నాడు వాళ్ళతో. నేను కూడా, అవును, కళ్ళు తిరిగేవాళ్ళు ఎక్కకూడదు అన్నాను. చిన్నపిల్ల ఒక్కతే నమ్మింది. వాళ్ళు వెళ్ళాక ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. బెంచీ కిర్రుమంటే ఇద్దరికీ నవ్వొచ్చింది. కాసేపటికి ఆయనే అన్నాడు.

"ఓడలో అమ్మాయి చాలా మంచిది. రెట్టించి అడగలేదు. అడిగుంటే అక్కడే ఆగిపోయేవాణ్ణి. మా పెద్దది నన్ను ఇందాక అలా చూసేది కాదు."

ఆయన నిన్ను తిట్టలేదు. నాకు మాత్రం నీకు నాలుగు తగిలించాలనిపించింది.

అమ్మ పోలిక అన్నావు కదా. అమ్మ నోటితో తక్కువ చెప్పేది, నిజమే. కత్తెరతో మాత్రం టేపు మీద ఉన్నంతే కోసేది. అమ్మ కుట్టిన జాకెట్టు ఎవరికైనా బిగుతైందా? నువ్వు నోటి మర్యాద నేర్చుకుని కత్తెర మర్చిపోయావు.

తిట్టి ఊరుకోను, ఉపాయం కూడా చెబుతాను. కాటా అంకెలు నీవైపు కనపడేట్టు తిప్పి పెట్టుకో. ఎవరికీ వినపడకుండా అంకె రాసుకో, పరిమితి దాటితే ఆ టూరు నిండిపోయిందని ఇంకోటి చూపించు. తూచినవాళ్ళ టికెట్ మీద అంకె పక్కన టిక్కు పెట్టు. టిక్కు ఉన్నవాళ్ళను నేను ఇక్కడ మళ్ళీ అందరి ముందు తూచను. సూపర్‌వైజర్ని అడిగాను. పని తొందరగా తెములుతుందంటే ఆయన దేనికైనా సరే అంటాడు, దీనికీ అన్నాడు.

అక్క


ఓడ మీద

అక్కా,

ఇసుక మూట మాట వెనక్కి తీసుకుంటున్నాను. లాండ్రీ అమ్మాయికి నీ ఉద్యోగం ఏంటో ఉన్నదున్నట్టు చెప్పాను. తనకూ అలాంటి పని ఉంటే చూడమంది, మనిషి నీకు ఏమాత్రం తీసిపోదు.

నీ ఉపాయం బ్రహ్మాండం. కాటా తిప్పి పెట్టాను. ఇప్పుడు జిప్‌లైన్ అడిగిన వాళ్ళందర్నీ తూస్తున్నాను, టిక్కులు పెడుతున్నాను. నువ్వు చూసే ఉంటావు. ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. అనవసరంగా ఇన్నాళ్ళూ భయపడ్డాను.

ఒక్క మాట. బెంచీ మీద ఆయనతో కలిసి కళ్ళు తిరిగే కథ చెప్పింది నువ్వే కదా. మరి నీకు ఎవరి పోలిక?

ఆఫీసరు నా పని బాగుందన్నాడు. కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తారట. నాన్నకు ఇంకా చెప్పలేదు, సంతకం అయ్యాక చెబుతాను.

చెల్లి


కొండ మీద

పుల్లా,

ఈసారి హాస్యాలు లేవు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొన్న మీ ఓడ ఆలస్యంగా వచ్చింది. బస్సు కొండెక్కేసరికి మబ్బు పట్టింది. వాన పడేలోపు అందర్నీ దాటించాలని సూపర్‌వైజరు తొందర. టిక్కు ఉన్నవాళ్ళను నేరుగా బెల్టుల దగ్గరికి పంపాను, లేనివాళ్ళను తూచాను.

టిక్కు ఉన్నవాళ్ళలో ఒక ముసలావిడ ఉంది. వదులు కోటు, దాని లోపల ఇంకో కోటు. టికెట్ మీద నలభై ఆరు, పక్కన నీ టిక్కు. నాకు అనుమానం రాలేదా అంటే వచ్చింది. బెల్టు చివరి రంధ్రం దాకా లాగినా వదులుగానే ఉంది. తోడు రానా అని అడిగాను. ఆవిడ టికెట్ నా మొహం ముందు పెట్టి, అక్కర్లేదు, నేను సరిపోతాను అంది. నీ టిక్కు చూశాను. నువ్వు ఉత్తరంలో రాసింది గుర్తొచ్చింది. సరేనన్నాను.

బాగానే వెళ్ళింది. సగం దాటాక వేగం తగ్గింది. ఎదురుగాలి కొట్టింది. ఆగింది, మెల్లగా వెనక్కి జారి, తాడు బాగా కిందికి వంగే చోట నిలబడిపోయింది.

బెల్టు తెగి పడిపోవడం అంటూ ఉండదు. కానీ ఉరుములు మొదలైతే ఉక్కు తాడు దగ్గరికి ఎవర్నీ వెళ్ళనివ్వరు, అది ఇక్కడి రూలు. అవి ఆగేదాకా ఆవిడ అక్కడే ఉండాలి. సూపర్‌వైజరు ఆకాశం చూస్తున్నాడు. నేను నడుముకు తాడు కట్టించుకుని ఇంకో కప్పీ మీద బయలుదేరాను. నా బరువుకు అక్కడిదాకా చేరడం కష్టం కాలేదు.

ఏడుస్తూ ఉంటుందనుకున్నాను. కాళ్ళు ఊపుకుంటూ కింద ఏరు చూస్తోంది. నన్ను చూసి, "అప్పుడే వచ్చేశావా" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆవిడను నాకు కట్టుకున్నాను. మా వాళ్ళు ఇవతలి నుంచి లాగడం మొదలుపెట్టారు. దారిలో వాన అందుకుంది. అప్పుడు మొదలైంది ఆవిడకు వణుకు. పైకి చేరాక కూడా వేళ్ళు బెల్టును వదల్లేదు, ఒక్కో వేలూ నేనే విప్పాను. పెదాలు నల్లబడ్డాయి. దుప్పటి కప్పి, వేడినీళ్ళు తాగించి, కాస్త తేరుకున్నాక కాటా మీద నిలబెట్టాను. తడిసిన కోట్లతో నలభై మూడు. అవి తీస్తే ముప్పై ఏడు.

వేళ్ళు ఒరుసుకుపోవడం తప్ప దెబ్బలేమీ తగల్లేదు. సాయంత్రానికి మీ ఓడ ఎక్కింది.

ఎందుకు తూచలేదని సూపర్‌వైజరు అడిగాడు. టిక్కు ఉందన్నాను. పెట్టిందెవరన్నాడు. ఓడవాళ్ళు అన్నాను, నీ సంగతి ఎత్తలేదు. కంపెనీ మీ ఓడకు రాసి అడుగుతుందట. తూచకుండా టిక్కు పెట్టారని తేలితే తప్పు ఓడది. తూచే పెట్టారని తేలితే, కళ్ళెదుట మనిషిని చూసి కూడా పంపినందుకు తప్పు నాది. అప్పుడు నా ఉద్యోగం పోతుంది.

నిన్ను ఒకటే అడుగుతున్నాను. ఆవిడను తూచావా?

అక్క


ఇంటి నుంచి

పుల్లా,

డ్రైవరన్న వట్టి చేతులతో వచ్చాడు. నీ కౌంటరు దగ్గరికి వెళితే పని ఉందని చెప్పి లోపలికి వెళ్ళిపోయావట.

మీ ఓడ నుంచి జవాబు వచ్చింది. ప్రయాణికురాలిని కౌంటర్లో తూచారు, బరువు సరిగ్గానే ఉంది, కొండ మీది కాటా ఒకసారి చూసుకోండి అని ఉంది అందులో. మా కాటా చూసుకున్నారు. బాగానే ఉంది. తేలేదాకా నన్ను పనికి రావద్దన్నారు. నా బెల్టు గోడకు తగిలించి ఇంటికి వచ్చాను.

టిక్కు పెట్టింది నా చెల్లెలని డ్రైవరన్న నోరు జారాడు. సూపర్‌వైజరు నన్ను కూర్చోబెట్టి, నీ చెల్లెలు నిజంగా తూచిందంటావా అని అడిగాడు. మా చెల్లెలు తూచానందంటే తూచినట్టే అన్నాను.

నువ్వు నాకు విడిగా ఏమీ రాయలేదు. రాయకపోయినా ఆ మాటే అన్నాను. నీకు తెలియాలని రాస్తున్నాను, అంతే.

అక్క


ఓడ మీద

అక్కా,

తూచలేదు.

ఈ ఒక్క మాట రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఇక మిగతాది సులువు.

కాటా తిప్పి పెట్టిన మాట నిజం. కొన్నాళ్ళు తూచిన మాటా నిజమే. ఒక సాయంత్రం వరసలో ఒకావిడ, ముందున్న మనిషిని నేను కాటా ఎక్కించడం చూసి, భర్త చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నేను ఆ కాటాను కాలితో కౌంటరు కిందికి నెట్టేశాను. మళ్ళీ పైకి తియ్యలేదు. కానీ అందర్నీ తూస్తున్నానని నీకు రాసేశాను కదా. టిక్కులు లేకపోతే నువ్వు ఏమంటావో అని టిక్కులు మాత్రం పెడుతూ వచ్చాను. ప్రయాణికుల దగ్గరే కాదు, నీ దగ్గర కూడా నాకు మొహమాటమే అని నాకు ఇప్పుడే తెలిసింది.

ఆ ముసలావిడ నలభై ఆరు అని తనే చెప్పింది. కాదని చూస్తే తెలుస్తూనే ఉంది. తక్కువైతే ఎవరికో కట్టి పంపుతారటగా అంది. గుమ్మం దాటాలన్నా ఎవరో ఒకరు రెక్క పట్టుకుంటున్నారు, ఒక్కసారి ఎవరి చెయ్యీ లేకుండా వెళ్ళాలని ఉంది అంది. నేను నలభై ఆరు రాసి టిక్కు పెట్టాను. ఆ రోజు సాయంత్రం వేళ్ళకు కట్టు కట్టించుకుని నా కౌంటరుకు వచ్చి, నీ పుణ్యమే అని చెప్పి వెళ్ళింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆఫీసరు పిలిచి అడిగాడు. తూచానన్నాను. కాంట్రాక్టు కాగితం ఆయన బల్ల మీదే ఉంది, దాన్ని చూస్తూ అన్నాను. మీ కాటా చూసుకోమని రాసిన ఉత్తరానికి మూలం నా నోటి మాటే. నీ ఉద్యోగం పోతుందని తెలిసే అన్నాను. తెలియదని చెప్పను.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. మా చెల్లెలు తూచానందంటే తూచినట్టే అని నువ్వు అన్న చోట ఆగిపోయాను. భోజనానికి వెళ్ళలేదు. ఆఫీసరు గదికి వెళ్ళాను.

తూచలేదని చెప్పాను. ఎందుకు తూచలేదన్నాడు. ఆయనది వేరే భాష, తెలుసుగా. మా భాషలో దీన్ని మొహమాటం అంటారన్నాను. అంటే ఏంటన్నాడు. కాగితం మీద కారణం రాయాలట. భయమా అన్నాడు. కాదన్నాను. మర్యాదా అన్నాడు. కొంచెం అన్నాను. ఆవిడ మీద జాలా అన్నాడు. కాదన్నాను. సిగ్గా అన్నాడు. అవునన్నాను. ఎవరి సిగ్గు, వాళ్ళదా నీదా అన్నాడు. ఇవన్నీ కలిపి రాయడానికి గడిలో చోటు లేదు, ఒక్క మాట చెప్పమన్నాడు.

"అబద్ధం అని రాసుకోండి" అన్నాను.

రాసుకున్నాడు. సంతకం పెట్టాను. మీ కంపెనీకి ఈ రోజే వేరే ఉత్తరం వెళ్ళింది. కాంట్రాక్టు లేదు. వచ్చేసారి మీ రేవులోనే దింపేస్తారు. అక్కడి నుంచి బస్సెక్కి నాన్న దగ్గరికి వెళతాను. మీ ఇంటికి రమ్మని పిలవమని నేను అడగడం లేదు. ఇది మొహమాటంతో అంటున్న మాట కాదు.

చెల్లి


ఇంటి నుంచి

పుల్లా,

ఈ కవరు డ్రైవరన్న రేవులో నీ చేతికే ఇస్తాడు. పెట్టెతో దిగేసరికి ఎదురుగా ఉంటాడు.

నన్ను మళ్ళీ పనిలోకి రమ్మన్నారు. టిక్కులు తీసేశారు. ఇక నుంచి టికెట్ మీద ఏమున్నా అందర్నీ ఇక్కడ తూస్తాం. కాటా చుట్టూ తెర కట్టమని అడిగితే సూపర్‌వైజరు గుడ్డ తెప్పించాడు. రేపటి నుంచి మొదలు.

నువ్వు రాసింది చదివాను. తెలిసే అన్నాను అని రాశావు చూడు, అక్కడ చాలాసేపు కోపం వచ్చింది. నిజం చెప్పినందుకు సంతోషించాలని తెలుసు. సంతోషం కూడా ఉంది. కానీ ఆ వేళ్ళు ఒక్కోటి విప్పింది నేను. ఆ రోజు ఉరుము రాకపోవడం మన గొప్ప కాదు.

కోపం తగ్గాక పిలుద్దామనుకున్నాను. నా సంగతి నీకు తెలుసుగా, నాకు ఏదీ అంత తొందరగా తగ్గదు. అందుకని కోపం ఉండగానే రా. నాన్న దగ్గరికి తర్వాత వెళ్ళొచ్చు. బస్సులో ముందు సీటు నీకోసం ఆపమన్నాను.

వచ్చాక తిడతాను. తిట్టించుకుని భోంచేద్దువు గాని.

అక్క